ఇంజన్ విప్పిన రైతుబిడ్డ – జి.డి. నాయుడు

కిందటి ఎండాకాలం మా అన్న పాత డీజిల్ కారు బయోడైవర్సిటీ చౌరస్తా దగ్గర గుప్పున నల్లపొగ వదిలి, ఎత్తు ఎక్కలేక మొరాయించింది. మా అన్న హైటెక్ సిటీలో ఉద్యోగి. ఒక షెడ్డుకు తోసుకుపోతే, బానెట్టు ఎత్తకుండానే ఇంజన్ దించాలన్నారు. ఖర్చు విని అన్న ముఖం వాడిపోయింది. ఊరి నుండి వచ్చిన మా బాపు, ట్రాక్టరు అలవాటు కొద్దీ, ముందు ఎయిర్ ఫిల్టర్ విప్పి చూశాడు. అది దుమ్ముతో అట్టకట్టి ఉంది. కొత్తది వేయగానే పొగ తగ్గింది, బండి లాగింది. ఆ రాత్రి హాస్టలుకు తిరిగి వస్తుంటే, ఎప్పుడో చదివిన జి.డి. నాయుడు గారి జీవితం గుర్తుకు వచ్చింది. ఈ నాలుగు మాటలు అందుకే.

గోపాలస్వామి దొరైస్వామి నాయుడు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గరి కలంగల్ గ్రామంలో పుట్టారు. తరాల కిందట కొంగునాడులో స్థిరపడి, సేద్యం చేసుకుంటూ ఇంట్లో తెలుగు నిలుపుకున్న కుటుంబాలలో వారిదొకటి. చిన్ననాటి బడి చదువుతోనే ఆయన చదువు ఆగిపోయింది. ఒకనాడు ఆ ఊరికి ఒక తెల్లదొర రెవెన్యూ అధికారి రడ్జ్ మోటారు సైకిలు మీద వచ్చాడు. ఎద్దు లేకుండా, గుర్రం లేకుండా కదిలే ఆ బండి కుర్రవాడి మనసును పట్టేసింది. కోయంబత్తూరు వెళ్ళి ఒక హోటల్లో సర్వరుగా చేరి, రూపాయి రూపాయి కూడబెట్టి, చివరకు ఆ బండినే కొన్నారు. కొన్నాక దాన్ని ఊకె నడిపి మురిసిపోలేదు. ఏ మరకు ఆ మర విప్పి, మళ్ళీ బిగించారు. అట్లా ఎన్నోసార్లు విప్పి బిగించి మెకానిక్ అయ్యారు.

విప్పి చూసినవాడికి ఇంజన్ పొగ కూడా ఒక భాషే. నల్లపొగ వస్తే ఇంధనం ఎక్కువై గాలి చాలడం లేదని అర్థం. ఎయిర్ ఫిల్టర్, ఇంజెక్టర్లు చూడాలి. నీలిపొగ వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతున్నది. రాత్రంతా నిలిపిన బండిని స్టార్ట్ చేసినప్పుడే వస్తే వాల్వు సీళ్ళను, బరువు లాగేటప్పుడు ఎడతెగక వస్తే పిస్టన్ రింగులను అనుమానించాలి. తెల్లపొగ చలి పొద్దున జరసేపు వచ్చి పోతే అది ఉత్త నీటి ఆవిరి. ఇంజన్ వేడెక్కాక కూడా దట్టంగా వస్తూ, రేడియేటర్‌లో నీళ్ళు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ పోయిందేమో చూడాలి. అనుమానం ఉన్నంత మాత్రాన ఇంజన్ దించనక్కర లేదు. పెట్రోలు ఇంజన్‌లో కంప్రెషన్ కొలిచి, సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ కొలవాలి. కొలత పెరిగితే లోపం రింగులది. పెరగకపోతే వాల్వుల వైపు, గ్యాస్కెట్ వైపు చూడాలి.

1920లో నాయుడు గారు ఒక బస్సు కొని, పొల్లాచి, పళని ఊళ్ళ మధ్య తానే నడిపారు. అది యూనివర్సల్ మోటార్ సర్వీసుగా పెరిగి పెద్ద సంస్థ అయింది. దారిలో బండి ఆగితే ప్రయాణికుడు మరో బండి ఎక్కుతాడు. కనుక లోపం పసిగట్టే నేర్పే అక్కడ పెట్టుబడి. 1937లో డి. బాలసుందరం నాయుడు గారితో కలిసి దేశీయ విద్యుత్ మోటారు తయారీకి పూనుకున్నారు. మా బావి మీది మోటారు కూడా కోయంబత్తూరుదే. షేవింగ్ రేజరు మొదలు ఓట్లు నమోదు చేసే యంత్రం దాకా ఎన్నో చేశారు. పత్తి, బొప్పాయి పంటల మీద కూడా ప్రయోగాలు చేశారు. 1952లో రెండు వేల రూపాయలకు ఇవ్వగల రెండు సీట్ల పెట్రోలు కారు తయారు చేశారు కాని, ప్రభుత్వం లైసెన్సు ఇవ్వనందున అది జనానికి అందలేదు.

బడి మానిన మనిషి బడి కట్టడం ఆయన జీవితంలో నాకు బాగా నచ్చిన ఘట్టం. 1945లో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరిట సాంకేతిక విద్యాలయం వెలిసింది. దానికి ఆయనే ప్రిన్సిపాల్. నాలుగేళ్ళ కోర్సు కాలం వృథా అనీ, చేతిపనితో నేర్పితే రెండేళ్ళు చాలుననీ వాదించారు. ప్రభుత్వం ఒప్పుకోకపోతే పదవి వదులుకున్నారు. రెండేళ్ళు చాలునా అన్నది వేరే చర్చ. థర్మోడైనమిక్స్ సూత్రం తెలియకుండా ఇంజన్ గుట్టు పూర్తిగా తెలియదని సైన్సు విద్యార్థిగా నేను నమ్ముతాను. కాని ఆ సూత్రానికి నూటికి ఎనభై మార్కులు తెచ్చుకున్న నేను, ఆనాడు మా బాపు పక్కన స్పానర్ అందిస్తూ నిలబడ్డాను. ఫిల్టర్ చూడాలని నాకు తట్టలేదు!

ఇప్పుడు కారుకు స్కానర్ తగిలిస్తే లోపం నంబరు చూపిస్తుంది. 2020 ఏప్రిల్ నుండి వచ్చిన బి.ఎస్.6 డీజిల్ కార్లలో మసిని పట్టే జల్లెడ ఉన్నందున నల్లపొగ తొందరగా బయటపడదు. అయినా నంబరు లక్షణాన్ని చూపుతుందే గాని, కారణం వెతకవలసింది మనిషే. మాదాపూర్ అద్దాల మేడల్లో ప్రోగ్రాములో తప్పు వెతికే వారి పని కూడా ఇదే కదా!

నాయుడు గారు 1974 జనవరి 4న కన్నుమూశారు. 2025లో కోయంబత్తూరు అవినాశి రోడ్డు మీది పొడవైన ఫ్లైఓవర్‌కు ఆయన పేరు పెట్టారు. మిత్రులారా, మన కాలేజీ ల్యాబుల మూలల్లో చెడిపోయిన పరికరాలు చాలా పడి ఉంటాయి. మన లెక్చరర్లు అనుమతిస్తే, ఈ ఏడు మనం ఒక్కటైనా విప్పి, చూసి, మళ్ళీ బిగిద్దాం. ఆ మహనీయునికి అంతకు మించిన నివాళి లేదు.