ఫోను లైన్ల రద్దీకి లెక్క కట్టిన ఎర్లాంగ్

మన పెన్షనర్లలో ట్రంక్ కాల్ బుక్ చేసి గంటల తరబడి కాచుకోని వారు అరుదు. అశ్వారావుపేట వంటి అడవి అంచు ఊళ్లలో కబురు ఆలస్యంగా అంది, అయినవారి కడసారి చూపునకు కూడా నోచుకోనివారు ఉన్నారు. లైన్లు తక్కువైతే జనానికి కష్టం, ఎక్కువైతే డబ్బు దండగ. మరి ఎన్ని ఉంటే సరిపోతాయి? ఈ ప్రశ్నకు లెక్క కట్టి జవాబు చెప్పిన మహనీయుడు ఆగ్నర్ క్రారప్ ఎర్లాంగ్.

ఆయన 1878 జనవరి 1న డెన్మార్క్ దేశంలోని లోన్‌బోర్గ్ గ్రామంలో జన్మించారు. తండ్రిగారు బడిపంతులు. ఎర్లాంగ్ 1901లో కోపెన్‌హేగన్ విశ్వవిద్యాలయం నుండి గణితంలో ఎం.ఏ. పట్టా పొందారు. కొన్నేళ్లు ఉపాధ్యాయుడిగా పనిచేసి, 1908లో కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీ ఉద్యోగంలో చేరారు.

ఎవరు ఏ క్షణంలో ఫోను చేస్తారో చెప్పలేము. అయినా అందరి కాల్స్ కలిపి చూస్తే వాటికీ ఒక క్రమం ఉంటుందని 1909లో ఆయన నిరూపించారు. ఇంత రద్దీకి ఇన్ని లైన్లుంటే ఎన్ని కాల్స్ తప్పిపోతాయో తెలిపే సూత్రాన్ని 1917లో ప్రకటించారు. బ్రిటిష్ తపాలా శాఖ వారు కూడా దానిని స్వీకరించారు.

ఒక లైను గంటసేపు ఖాళీ లేకుండా పనిచేస్తే ఆ రద్దీ 1 ఎర్లాంగ్. రద్దీ 5 ఎర్లాంగ్‌లైతే, నూటికి ఒక కాల్ కంటే ఎక్కువ తప్పిపోకుండా ఉండడానికి 11 లైన్లు కావాలి. అటువంటి రెండు చోట్లకు విడివిడిగా 22 కావాలి. రెండింటినీ కలిపితే 18 చాలు! ఒకచోట రద్దీ పెరిగినప్పుడు రెండవ చోటి ఖాళీ లైను ఆదుకుంటుంది. ఉమ్మడి కుటుంబంలోని సుళువు ఇదే కదా.

నేడు హైదరాబాదులోని డేటా సెంటర్లకూ ఇదే చిక్కు. వేలాది కంప్యూటర్ల మధ్య సమాచారమంతా ఒకే దారిన పోతే అది కిక్కిరిసి, పక్క దారులు ఖాళీగా పడి ఉంటాయి. అందుచేత భారాన్ని అనేక దారులకు పంచుతారు. ఆ సమాచారం ఒక్కసారిగా వరదలా వచ్చిపడుతుంది గనుక ఎర్లాంగ్ సూత్రం ఒక్కటే చాలదు. కానీ రద్దీని ముందుగా కొలిచి, ఆపైన ఏర్పాట్లు చేయాలన్న బాట ఆయన వేసినదే.

ఎర్లాంగ్ అవివాహితులు. సుమారు 20 సంవత్సరాల సర్వీసులో జబ్బు పేరిట ఒక్కరోజు కూడా సెలవు పెట్టలేదంటారు. 1929 జనవరిలో ఆపరేషను కోసం ఆసుపత్రిలో చేరి, ఫిబ్రవరి 3న 51 ఏళ్ల వయసులో కన్నుమూశారు. మనకు దక్కిన విశ్రాంత జీవితం ఆయనకు దక్కలేదు. 1946లో అంతర్జాతీయ టెలిఫోన్ నిపుణుల సంఘం రద్దీ కొలమానానికి ఆయన పేరు పెట్టింది. దూరదేశాల్లోని మన బిడ్డల గొంతు క్షణంలో వినిపించే ఈ రోజుల్లో ఆ లెక్కల మాస్టారు మనకు స్మరణీయులు.