మైకేల్ ఫారడే

కలిమి గలవారికే విద్య లభించుననుట పొరపాటు. జ్ఞానతృష్ణయు, పట్టుదలయు గలవాడు పేదవాడయ్యును లోకపూజ్యుడు కాగలడు. ఇందులకు మైకేల్ ఫారడే జీవితమే నిదర్శనము.

ఫారడే 1791వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన లండను నగరము చెంతనున్న న్యూయింగ్టన్ బట్స్ అనుచోట జన్మించెను. తండ్రి కమ్మరి, తరచు వ్యాధిగ్రస్తుడగుచుండెను. ఇంట కడుపునిండ తిండి దొరకుటయే కష్టముగా నుండెను. బాలుడు బడిలో చదువుట, వ్రాయుట, లెక్కలు వేయుట మాత్రమే నేర్చి, పదునాలుగవ యేట జార్జి రీబో అను పుస్తకవర్తకుని కడ అట్టలు కట్టు పనిలో చేరెను. తాను అట్టకట్టు పుస్తకములనే తీరిక వేళల చదివెడివాడు. వానిలో విద్యుత్తును గూర్చిన వ్యాసమొకటి అతని మనస్సును దోచుకొనెను. కూడబెట్టిన కాసులతో సామగ్రి కొని చిన్నచిన్న ప్రయోగములు చేయసాగెను.

1812లో ఆ అంగడికి వచ్చెడి పెద్దమనిషి యొకడు సర్ హంఫ్రీ డేవీ ఉపన్యాసములకు ప్రవేశపత్రములను ఫారడేకు ఇచ్చెను. అతడు వానిని శ్రద్ధతో విని, వ్రాసికొని, పటములు గీచి, తానే అట్టకట్టి డేవీకి పంపెను. 1813 మార్చిలో డేవీ అతనిని రాయల్ ఇన్‌స్టిట్యూషనులో సహాయకునిగా నియమించెను.

1831లో ఫారడే అయస్కాంతము సహాయమున విద్యుత్తును పుట్టించెను. 1833, 1834 సంవత్సరములలో విద్యుద్విశ్లేషణ నియమములను కనుగొనెను. ద్రావణము ద్వారా ఎంత విద్యుత్తు ప్రవహించునో, ధ్రువము కడ అంతకు తగిన పరిమాణముననే పదార్థము వెలువడును, లేదా కరగును. ఈ నియమముచేత విద్యుత్తు పదార్థమును కొలుచు త్రాసు వంటిదయ్యెను.

పరిశ్రమల వారికి పరీక్షలు చేసి యిచ్చి ఫారడే గొప్ప ధనము గడింపగలిగియుండెను. కాని ఆ పనులను చాలవరకు విడిచి పరిశోధనకే అంకితుడయ్యెను. 1840 ప్రాంతమున తలతిరుగుడును, మతిమరపును అతనిని బాధింప మొదలిడెను. అయినను ప్రతి ప్రయోగమును వరుస సంఖ్యలతో దినచర్యలో వ్రాసికొనుచు పని సాగించెను.

అరువది యైదవ యేట అతని దృష్టి బంగారముపై పడెను. బంగారు ద్రావణమును భాస్వరముతో కలుపగా కెంపువన్నె ద్రవమొకటి ఏర్పడెను. చూచుటకు అది నిర్మలమైన ద్రావణమువలెనే యుండెను. కాని కటకముతో కూర్చిన కాంతిని అందు ప్రసరింపజేయగా కాంతిమార్గము శంకువువలె మెరసెను. చీకటి గదిలోనికి కిటికీ సందున వచ్చు ఎండలో దుమ్ము మెరయుట ఇట్టిదే. కావున ఆ ద్రవమున బంగారము అతిసూక్ష్మ రేణువులుగా నున్నదని అతడు నిశ్చయించి, 1857లో లోకమునకు వెల్లడించెను. కాని ఒక్కొక్క రేణువును వేరుగా చూచు సాధనము అప్పుడు లేదు.

ఫారడే సర్ బిరుదమును వలదనెను. రాయల్ సొసైటీ అధ్యక్షపదవిని తిరస్కరించెను. 1867 ఆగస్టు 25వ తేదీన హాంప్టన్ కోర్టులో కన్నుమూసెను.

ఏండ్ల యెడముతో జరిగిన ఆ రెండు పరిశోధనలును నేడు ఒక్కచోట కలిసినవి. మిల్లీమీటరులో పదిలక్షలవ వంతు నానోమీటరు. బట్టలు మొదలగువానిలో క్రిములను చంపుటకు వాడు వెండి నానోరేణువులు ఉతుకునప్పుడు నీటిలో కలియుచుండును. వానిని గుర్తించుటకు సన్నని గొట్టములో ఆ నీటిని ప్రవహింపజేసి, తలవెండ్రుకకంటె సన్ననైన ధ్రువము నందుంతురు. నిలిచిన నీటిలో రేణువులు ధ్రువమును చేరుటకు చాల కాలము పట్టును; ప్రవాహము వానిని వడిగా తెచ్చి తాకించును. తాకిన వెండి రేణువు కరగునప్పుడు క్షణికమైన విద్యుత్ప్రవాహము పుట్టును. ధ్రువము పెద్దదైనచో దాని అలజడిలో ఆ చిరు ప్రవాహము కానరాదు. ఎన్నిమారులు ప్రవాహము కలిగెనో లెక్కించి ఎన్ని రేణువులు తాకెనో చెప్పుదురు. రేణువు పూర్తిగా కరగినచో, అందు వెలువడిన విద్యుత్తును బట్టి, ఫారడే నియమముచేతనే, దాని పరిమాణమును గణింతురు. 20 నానోమీటర్ల వెండి రేణువున సుమారు రెండున్నర లక్షల పరమాణువులుండును. అట్టి రేణువును సైతము ఆ కమ్మరి కుమారుని త్రాసు తూచుచున్నది.

కంటికి కానరానంత మాత్రమున లేదని త్రోసివేయరాదు. అది విడిచిన జాడను ఓర్పుతో వెదకవలెను. ఫారడే జీవితము మనకు నేర్పు పాఠ మిదియే.