బందరు నోబుల్ దొరగారు – పోలిక లేని సేవ

ఇటువంటి శతవత్సర సంచికలో సంఘముల లెక్కలు, గుడుల లెక్కలు, బాప్తిస్మముల లెక్కలు విరివిగా కనబడును. దేవుడు చేసిన మేలులను లెక్కించుకొనుట మంచిదే. అయితే లెక్క వెంట పోలిక కూడ వచ్చును. ఏ పాస్టరేటు పెద్దది, ఎవరి గుడి గోపురము ఎత్తైనది, ఎవరి కోత పండుగ కానుక ఎక్కువ అను మాటలు మన నోట రాకపోయినను మన మనస్సులో మెదలును. అందుచేత లెక్కలలో మిక్కిలి చిన్నవాడుగా కనబడిన ఒక దైవజనుని జీవితమును ఇచ్చట జ్ఞాపకము చేసికొనుట మేలని మేము తలంచితిమి. ఆయన రెవరెండ్ రాబర్టు టర్లింగ్టన్ నోబుల్ గారు. బందరువారికి ఆయన పేరు కళాశాల పేరుగా తెలియును గాని, ఆయన జీవితము అంతగా తెలియదు.

నోబుల్ గారు 1809లో ఇంగ్లాండు దేశములోని లెస్టర్‌షైరులో ఒక గురువుగారి ఇంట జన్మించిరి. కేంబ్రిడ్జిలో చదివి, గురుత్వ అభిషేకము పొంది, ముప్పది ఏండ్లు దాటిన తరువాత చర్చి మిషనెరీ సొసైటీవారి పక్షమున తెలుగు దేశమునకు బయలుదేరిరి. 1841లో ఆయనతోకూడ ఓడ యెక్కిన మరియొక సేవకుడు హెన్రీ వాట్సన్ ఫాక్సు గారు. ఫాక్సు గారు రగ్బీ పాఠశాలలోను ఆక్సుఫర్డులోను చదివినవారు. నోబుల్ గారికంటె ఎనిమిదేండ్లు చిన్నవారు, అప్పుడే వివాహమైనవారు. నోబుల్ గారు అవివాహితులు, కడవరకు అట్లే ఉండిరి. వీరిద్దరితోనే బందరులో ఆ సొసైటీవారి తెలుగు మిషను ఆరంభమయ్యెను.

ఆ కాలపు కృష్ణా డెల్టాను మనము కన్నులయెదుట ఉంచుకొనవలెను. 1832-33 సంవత్సరముల డొక్కల కరువు గాయము ఇంకను మానలేదు. బెజవాడ ఆనకట్ట ఇంకను కట్టబడలేదు. అది 1855లో గాని పూర్తికాలేదు. నేడు పచ్చగా కనబడు గుడివాడ ప్రాంతపు మాగాణి నాడు వానను నమ్ముకొనిన నేల. అట్టి సీమకు వచ్చిన ఇద్దరు సేవకులు పనిని రెండుగా పంచుకొనిరి. ఫాక్సు గారు ఊరూర తిరిగి, సంతలలోను తిరునాళ్లలోను నిలిచి సువార్త ప్రకటించుట, నోబుల్ గారు బందరులో బడి పెట్టి అగ్రవర్ణముల పిల్లలకు చదువుతోకూడ వాక్యము నేర్పుట అని నిర్ణయమయ్యెను.

ఒకే ఓడలో వచ్చినవారిలో ఒకరు ఎండలో తిరుగుచుండగా మరియొకరు బడి గదిలో కూర్చుండిరి. లోకము కన్నులకు మిషనెరీ అనగా ఫాక్సు గారే. ఇంగ్లాండులోని సంఘములకు వినుట కింపైన సంగతులు ఆయన ప్రయాణములలోనే ఉండును. బడిపంతులు పనిలో చెప్పుకొనదగిన సంగతి ఏమున్నది? అయినను నోబుల్ గారు తెలుగు శ్రద్ధగా నేర్చుకొని 1843 నవంబరు 21న బడి తెరచిరి. దానిని మరణము వరకు విడిచిపెట్టలేదు.

ఫాక్సు గారి మార్గము వేరుగా ముగిసెను. డెల్టా వేడిమికి ఆయన ఆరోగ్యము నిలువలేదు. 1845లో భార్యను పోగొట్టుకొనిరి. స్వదేశమునకు పోయి తిరిగి వచ్చినను శరీరము సహకరింపక, 1848 అక్టోబరులో ఇంగ్లాండులోనే ప్రభువునందు నిద్రించిరి. అప్పటికి ఆయన వయస్సు ముప్పదియొక యేండ్లు. ఆయన మన దేశములో గడపిన కాలము బహు స్వల్పము. అయితే ఆయన జ్ఞాపకార్థము రగ్బీ పాఠశాలవారు నిధి యేర్పరచి, దానితో ఒక ఉపాధ్యాయుని పోషించిరి. ఏ బడికి? నోబుల్ గారి బందరు బడికే. ఊరూర తిరిగిన ఫాక్సు గారి పేరుమీద నోబుల్ గారి బడికి సహాయము వచ్చెను. ఇద్దరిలో ఎవరు గొప్ప అను ప్రశ్నకు దేవుడు చోటే లేకుండ చేసెనని మాకు తోచుచున్నది.

ఇక నోబుల్ గారి పంట సంగతి. బడి తెరచి ఎనిమిదేండ్లు దాటువరకు ఒక్క విద్యార్థియు బహిరంగముగా క్రీస్తును ఒప్పుకొనలేదు. 1852లో ఇద్దరు యువకులు ముందుకు వచ్చిరి. ఒకరు బ్రాహ్మణులైన మంచాల రత్నం గారు, మరియొకరు వెలమ కులస్థులైన ఐనాల భూషణం గారు. వారు బాప్తిస్మము పొందగానే పట్టణము అల్లకల్లోలమయ్యెను. జనులు గుంపుగా మిషను ఇంటిమీదికి వచ్చిరి. తండ్రులు పిల్లలను బడి మాన్పించిరి. ఇన్నేండ్లు కట్టినదంతయు ఒక్క దినమున కూలినట్లాయెను. నోబుల్ గారు బడి మూయలేదు. మిగిలిన పిల్లలతోనే పాఠము చెప్పిరి. క్రమముగా విద్యార్థులు తిరిగి వచ్చిరి. ఆ తరువాత విశ్వసించినవారిలో జానీ ఆలీ అను మహమ్మదీయ యువకుడు కూడ ఉండెను. అయినను ఆయన జీవితకాలములో బడి మూలముగా బాప్తిస్మము పొందినవారు కొద్దిమందియే.

అదే కాలమున బెజవాడకు ఉత్తరముగా రాఘవాపురములో వేరొక కార్యము జరిగెను. అచ్చటి మాలపల్లెకు చెందిన పాగోలు వెంకయ్య గారు తనంతట తానే నిజదేవుని వెదకుచు, డార్లింగు దొరగారి నోట సువార్త విని, 1859లో బాప్తిస్మము పొందెను. ఆయనతో బంధువులు, ఆ పల్లె, తరువాత చుట్టుపట్ల పల్లెలు కదలివచ్చినవి. ఒకే సొసైటీ, ఒకే జిల్లా. ఒకచోట పట్టభద్రుడైన పండితుడు ఏండ్ల తరబడి శ్రమపడగా వచ్చినవారు వ్రేళ్లమీద లెక్కింపదగినవారు. మరియొకచోట ఒక నిరక్షరుని సాక్ష్యముచేత పల్లెలకు పల్లెలే వచ్చినవి. ఇంతకంటె కష్టమైన పోలిక ఒక సేవకునికి ఏముండును? నోబుల్ గారు ఆ గెలుపు చూచి తన పనిని మార్చుకొనలేదు, మానుకొనలేదు. తనకప్పగింపబడిన బల్లయొద్దనే మరి ఆరేండ్లు నిలిచిరి.

ఇచ్చట మేము ఒక సంగతి దాచకుండ చెప్పవలెను. నోబుల్ గారి బడిలో నాడు అస్పృశ్యులనబడిన కులముల పిల్లలను చేర్చుకొనలేదు. వారిని చేర్చుకొనినయెడల అగ్రవర్ణముల పిల్లలు రారని ఆయన తలంచిరి. ఆ నిర్ణయమును ఆనాడే విమర్శించినవారు కలరు. నేడు మన సంఘములలో అత్యధికులు ఆ బడి వాకిలి వెలుపల నిలువబడినవారి మనుమలు, మునిమనుమలే. కాబట్టి నోబుల్ గారి తృప్తిని గూర్చి చదువుచు, ఆ బిడ్డలు కూడ తమకున్న దానితో తృప్తిపడి యుండవలసినది అని ఎవరైన తలంచినయెడల, అది సువార్త కాదు. వెంకయ్య గారు తనకు చెప్పబడిన స్థానముతో తృప్తిపడినయెడల రాఘవాపురము సంఘమే ఉండెడిది కాదు. తృప్తి అనునది ఎవనికి వాడు చెప్పుకొనవలసిన మాట. ఆకలితోనున్న పొరుగువానికి మనము చెప్పవలసిన మాట కాదు. పౌలు భక్తుడు తృప్తిని గూర్చి ఫిలిప్పీయులకు వ్రాసినప్పుడు తన సంకెళ్లను గూర్చి వ్రాసెను గాని, పరుల సంకెళ్లను గూర్చి కాదు.

1864వ సంవత్సరము నోబుల్ గారికి సంతోషమును దుఃఖమును తెచ్చెను. రత్నం గారును భూషణం గారును ఆ సంవత్సరమే గురుత్వ అభిషేకము పొందిరి. ఆ సంవత్సరమే నవంబరు 1వ తేది రాత్రి సముద్రము పొంగి బందరుమీదికి వచ్చెను. పట్టణములోను చుట్టుపట్లను సుమారు 30,000 మంది మరణించిరి. షార్కీ దొరసానిగారి బాలికల పాఠశాలలోని పిల్లలు అనేకులు ఆ నీటిలో కొట్టుకొనిపోయిరి. నోబుల్ గారు బ్రతికిరి. స్వదేశమునకు పోయి విశ్రమించుటకు అంతకంటె తగిన కారణము అక్కరలేదు. అయినను ఆయన కదలలేదు. మరుసటి యేడు 1865 అక్టోబరు 17న బందరులోనే కన్నుమూసిరి. ఇరువది నాలుగేండ్ల సేవలో ఒక్కసారియైన స్వదేశమునకు తిరిగి పోలేదు. బడి తరువాత కళాశాలగా ఎదిగి ఆయన పేరు ధరించెను. ఆ పేరును ఆయన చూడలేదు.

ప్రియులారా, ఈ జీవితమును మన సంఘములయొద్దకు తెచ్చుకొందము. మన డెల్టాలో కాలువ ఎగువ రైతు ఉన్నాడు, శివారు రైతు ఉన్నాడు. ఎగువ చేలో నాట్లు పడి పైరు పచ్చబడునప్పటికి, దివిసీమ శివారు చేను ఇంకను నీటికొరకు ఎదురు చూచుచుండును. శివారు రైతు తన వంతు నీరు అడుగుట న్యాయమే, అడుగవలసినదే. అయితే గట్టుమీద కూర్చుండి ఎగువవాని చేను చూచి కుమిలినంత మాత్రమున తన మడిలో ఒక దుబ్బయు నాటుకొనదు. నీరు అడుగుటయు కావలెను, వచ్చిన నీటితో నాటుటయు కావలెను. అసూయ ఈ రెండిటిని కూడ చేయనీయదు.

సంఘములలోను ఇదే కనుచున్నాము. బందరు సంఘమునకు పూర్వచరిత్ర ఉన్నదని గుడివాడవారు అనుకొందురు. గుడివాడకు రాకపోకలు, వర్తకము, ఉద్యోగస్థులు ఉన్నారని దివిసీమవారు అనుకొందురు. దివిసీమకు 1977 నవంబరు 19 నాటి ఉప్పెన తరువాత సహాయము వచ్చినదని తక్కినవారు అనుకొందురు. పదివేలమందికి పైగా పోయిన ఉప్పెన అది. తల్లిదండ్రులను, బిడ్డలను పోగొట్టుకొనినవారి పెంకుటింటిని చూచి కూడ పోలిక పెట్టగలిగినయెడల, పోలిక ఎంత కఠినమైన వ్యాధియో మనము గ్రహింపవలెను. పొరుగువాని ఇల్లు కనబడును గాని, ఆ ఇంటికి వాడు చెల్లించిన వెల కనబడదు.

మాబోటి సేవకులకు ఇది మరింత అవసరము. బదిలీల కాలము వచ్చినప్పుడు, పట్టణ పాస్టరేటు ఎవరికి, శివారు గ్రామములు ఎవరికి అని మేము చెవులు రిక్కించుకొందుము. తిబెరియ సముద్ర తీరమున పేతురు కూడ తన సంగతి విని ఊరకుండక, యోహాను సంగతి ఏమని ప్రభువును అడిగెను. ప్రభువు ఆ ప్రశ్నకు జవాబీయక, తన్ను వెంబడించుమనియే అతనికి ఆజ్ఞాపించెను. నోబుల్ గారికి ఫాక్సు గారి ప్రయాణములు ఇయ్యబడలేదు, డార్లింగు గారి సమూహములు ఇయ్యబడలేదు. ఒక బడి, ఒక ఊరు, కొందరు పిల్లలు ఇయ్యబడిరి. వారియెడల నమ్మకముగా ఉండిరి.

రాబోవు నూరేండ్లలో మన సంఘముల లెక్కలు పెరుగుగాక. అంతకంటె ముందుగా, ఎగువవారిని చూచి కుమలని మనస్సును, దిగువవారిని చూచి కాలువ గండి తెరచు చేతులను ప్రభువు మనకందరికి దయచేయునుగాక. ఆమేన్.