‘మాలపిల్ల’గా మెరిసిన కాంచనమాల: అలంకరణ ఎవరి హక్కు?

తెలుగు సినిమా తొలి గ్లామర్ తార ఎవరంటే ఎక్కువగా వినిపించే పేరు కాంచనమాల. ఆమెను ఇంటింటికీ తీసుకెళ్లిన పాత్ర మాత్రం ఒక మాల యువతిది. ఈ రెండు విషయాలనూ విడివిడిగా చెప్పుకోవడం మనకు అలవాటైపోయింది. సినిమా పుస్తకాలు ఆమె కళ్ల గురించి రాస్తాయి, సంఘ సంస్కరణ చరిత్రలు ‘మాలపిల్ల’ గురించి రాస్తాయి. పాతకాలపు తారల మేకప్పూ, కట్టూ బొట్టూ మళ్లీ ఫ్యాషన్‌గా మారుతున్న ఈ రోజుల్లో ఆ రెండింటినీ కలిపి చదవాలని మేము అనుకుంటున్నాం. ఎవరు ఏం కట్టుకోవచ్చు, ఎవరు ఎంత మెరవవచ్చు అన్నది ఈ దేశంలో ఎన్నడూ కేవలం ఇష్టాయిష్టాల సంగతి కాదు. అది కులం నిర్ణయించిన సంగతి.

తెనాలి నుంచి తెర మీదికి

కాంచనమాల 1917లో తెనాలి ప్రాంతంలో పుట్టారు. 1935లో ‘శ్రీకృష్ణ తులాభారం’లో చిన్న పాత్రతో సినిమాల్లోకి వచ్చారు. 1937లో ‘విప్రనారాయణ’లో దేవదేవిగా కనిపించారు. తెలుగు టాకీలు మొదలై అప్పటికి ఐదారేళ్లే. అంతవరకూ తెర మీద ఎక్కువగా పురాణ స్త్రీలే కనిపించేవారు. ఆ కిరీటాలూ వడ్డాణాలూ చూసి ఆనందించవచ్చు గానీ, అలా తయారై బజారుకు వెళ్లలేం. 1938లో వచ్చిన రెండు సాంఘిక చిత్రాలు ఆ దూరాన్ని తగ్గించాయి. హెచ్.ఎం. రెడ్డి ‘గృహలక్ష్మి’లో కాంచనమాల నర్తకి పాత్ర వేశారు. గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’లో నాయిక సంపాలత అయ్యారు.

నలుపు తెలుపు ఫిల్ముకు రంగులతో పని లేదు, అది పట్టుకునేది వెలుగునూ నీడనూ మాత్రమే. అందుకే ఆ కాలపు మేకప్ అంతా కళ్లు, కనుబొమలు, పెదవులు స్పష్టంగా తేలేలా సాగేది. కొత్త రకం పాన్‌క్రొమాటిక్ ఫిల్ముకు తగిన మేకప్‌ను హాలీవుడ్‌లో మాక్స్ ఫ్యాక్టర్ 1928లో తయారుచేశాడు. సన్నగా దిద్దిన విల్లులాంటి కనుబొమలు ఆ దశాబ్దపు గుర్తు. కాంచనమాల విశాలమైన కళ్లు ఈ వెలుగునీడల ఆటకు సరిగ్గా సరిపోయాయి. కాటుక తప్ప మరేమీ లేకపోయినా ఆ కళ్లు గుర్తుండిపోయేవే.

ఒక ఫొటో చేసిన పని

‘మాలపిల్ల’ కథ చలం రాసింది, మాటలు తాపీ ధర్మారావువి, నిర్మాణం సారథి ఫిలిమ్స్‌ది. గుడి ప్రవేశం కోసం దళితుల పోరాటం ఒకవైపు, ఆలయ ధర్మకర్తల వైపు నిలిచిన బ్రాహ్మణుడు సుందరరామశాస్త్రి కొడుకు నాగరాజుతో సంపాలత ప్రేమ మరోవైపు. వాళ్లిద్దరూ ఊరు విడిచి కలకత్తా వెళతారు. పల్లెలో ముతక బట్టతో కనిపించిన సంపాలత, చదువుకున్నాక జార్జెట్ చీర, చేతుల్లేని జాకెట్టుతో కనిపిస్తుంది. ఆ వేషంలో కప్పు చేత పట్టుకున్న కాంచనమాల ఫొటో క్యాలెండర్లకు ఎక్కింది. ఆమెలా చీర కట్టుకోవాలని, ఆమెలా జాకెట్టు కుట్టించుకోవాలని ఆడవాళ్లు ముచ్చటపడ్డారు.

మాలవాడ నీడ పడితేనే మైలపడిపోయే ఇళ్ల గోడల మీద ‘మాలపిల్ల’ వేలాడింది. ఊళ్లో తిట్టుగా వాడే మాట ఒక సినిమా పేరై, ఆ పేరు ఒక అందమైన ముఖంతో ముడిపడింది. 1938కి ఇది చిన్న సంగతి కాదు.

ఈ సినిమా పరిమితి కూడా ఆ ఫొటోలోనే ఉంది. సంపాలతకు మంచి చీర ఊరు దాటాకే, బ్రాహ్మణ యువకుడి చేయి పట్టుకున్నాకే దక్కుతుంది. గుడి తలుపులు కూడా చివరికి శాస్త్రి మనసు మారితేనే తెరుచుకుంటాయి. అప్పటికి మూడేళ్ల ముందే, 1935లో యేవలాలో, తాను హిందువుగా చావనని అంబేడ్కర్ ప్రకటించి ఉన్నారు. ఆ ఆలోచన ఈ సినిమా దరిదాపుల్లో లేదు.

చీర కట్టు కూడా ఉద్యమమే

అంటరాని ఆడవాళ్ల అలంకరణ గురించి అంతకన్నా పదునైన మాట పదకొండేళ్ల ముందే వినిపించింది. 1927 డిసెంబరులో మహద్ సత్యాగ్రహం సందర్భంగా అంబేడ్కర్ మహిళలతో ప్రత్యేకంగా మాట్లాడారు. కులాన్ని చూడగానే పట్టిచ్చే కట్టు మానుకోమని, మోకాళ్ల పైకి చీర బిగించకుండా నిండుగా కట్టుకోమని, బరువైన వెండి, కంచు తరహా నగలు వదిలేయమని, శుభ్రంగా ఉండమని సలహా ఇచ్చారు. అక్కడి ఆడవాళ్లు ఆ మాటను వెంటనే ఆచరణలో పెట్టారు. తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు పై వస్త్రం కోసం దశాబ్దాలు పోరాడితే గానీ 1859లో ఆ హక్కు దక్కలేదు. ఇంత చరిత్ర వెనక ఉండగా, దళిత స్త్రీ మంచి చీర కట్టుకోవడాన్ని సోకు అని కొట్టిపారేయలేం.

మలయాళ సినిమా తొలి నాయిక పి.కె. రోజీ కథను దీని పక్కన పెట్టి చూడాలి. రోజీ దళిత స్త్రీ. జె.సి. డేనియల్ తీసిన మూకీ చిత్రం ‘విగతకుమారన్’లో నాయర్ స్త్రీ వేషం వేశారు. ఆ ఒక్క కారణానికి సవర్ణులు దాడికి దిగారు, ఆమె ఊరు విడిచి పారిపోవాల్సి వచ్చింది. మళ్లీ ఏ సినిమాలోనూ కనిపించలేదు. అక్కడ దళిత నటి సవర్ణ స్త్రీలా అలంకరించుకుంటే తరిమేశారు. ఇక్కడ పేరున్న తార మాలపిల్లగా అలంకరించుకుంటే క్యాలెండర్లు అచ్చేశారు. దళిత పాత్రకు మెరుపు దొరికినంత సులువుగా దళిత నటికి దొరకలేదు.

వెలుగు ఆరిపోయాక

కాంచనమాలకు దొరికిన మెరుపు కూడా ఆమె చేతుల్లో నిలవలేదు. ‘వందేమాతరం’ (1939), ‘ఇల్లాలు’ (1940) తర్వాత 1942లో జెమిని వారి ‘బాలనాగమ్మ’ వచ్చింది. ఆమె కెరీర్‌లో అది పెద్ద విజయం. అదే దాదాపు ముగింపు కూడా. నిర్మాత ఎస్.ఎస్. వాసన్‌తో ఒప్పందం విషయంలో విభేదాలు వచ్చాయి, బయటి సినిమాలు చేసే దారి మూసుకుపోయింది. భర్త మరణం మరో దెబ్బ. ఆమె మానసిక ఆరోగ్యం దెబ్బతింది. లక్షలమంది ముఖాన్ని గుర్తుపట్టే మనిషి రెండు దశాబ్దాలు తెరకు దూరమయ్యారు. స్నేహితురాలు, నటి, నిర్మాత లక్ష్మీరాజ్యం ఆమెను ఆదరించి, 1963లో తన ‘నర్తనశాల’లో చిన్న పాత్ర వేయించారు. 1981లో మద్రాసులో కాంచనమాల కన్నుమూశారు.

ఆ ముఖంతో క్యాలెండర్లు అమ్ముడుపోయాయి, టికెట్లు తెగాయి. ఒప్పందం కాగితం మీద మాత్రం ఆమె మాట చెల్లలేదు.

మనం ఏం తీసుకోవాలి

మేము ఉంటున్న అల్మాస్‌గూడలో, పక్కన మీర్‌పేట, బడంగ్‌పేటల్లో సందుకొక బ్యూటీ పార్లర్ ఉంది. పెళ్లిళ్ల సీజన్లో ‘రెట్రో లుక్’ అడిగేవాళ్లు ఉంటారు. ముదురు కాటుక, నున్నగా దువ్విన పాపిడి, మల్లెపూలు, పాత తరహా జాకెట్టు. ఇదంతా బాగుంటుంది. కానీ పాతకాలపు అందంతోపాటు దాని వర్ణ దురహంకారం కూడా వస్తోంది. 1919 నుంచీ బొంబాయిలో తయారైన ‘అఫ్గాన్ స్నో’ క్రీము పేరులోనే మంచు తెల్లదనం ఉంది. చామనఛాయ అమ్మాయి మెడకూ ముఖానికీ పొంతన లేకుండా రెండు షేడ్లు తెల్లగా పూయడం నేటికీ మామూలే.

కాంచనమాల నుంచి కాటుక తీసుకుందాం, జార్జెట్ చీర తీసుకుందాం. మన ఒంటి రంగుకు సరిపోయే షేడే వేయమని పార్లర్లో గట్టిగా అడుగుదాం. అక్కడ రోజంతా నిలబడి పనిచేసే అమ్మాయిలకు జీతం, పని గంటలు కాగితం మీద ఉన్నాయా అని కూడా అడుగుదాం. మహద్‌లో చీర కట్టు మార్చుకున్న ఆడవాళ్లెవరూ క్యాలెండర్లకు ఎక్కలేదు. స్టైల్ గురించి మాట్లాడుకున్నప్పుడల్లా కాంచనమాల పక్కన వాళ్లనూ తలచుకోవాలి.