డాక్టరు టి. ఎం. నాయరు గారు

స్వవృత్తి ప్రజాసేవకు ప్రతిబంధకమని తలంచువారు మనలో పెక్కండ్రు గలరు. వృత్తియే ప్రజాసేవకు ద్వారమైన యొక మహనీయుని చరిత్రము నిచట సంగ్రహముగ విన్నవించుచున్నాము.

డాక్టరు తరవత్ మాధవన్ నాయరు గారు 1868 సం॥ జనవరి 15వ తేదీన మలబారు సీమయందలి తిరూరున జన్మించిరి. పాలఘాటున చదివి, పిమ్మట చెన్నపురి ప్రెసిడెన్సీ కళాశాలలోను, వైద్య కళాశాలలోను విద్యాభ్యాసము గావించిరి. ఎడింబరో విశ్వవిద్యాలయమున వైద్యపట్టముల నంది, 1897లో చెన్నపురికి మరలివచ్చిరి. చెవి, ముక్కు, గొంతు వ్యాధుల చికిత్సయందు వారు ప్రసిద్ధి కెక్కిరి. ఆంటిసెప్టిక్ అను వైద్య మాసపత్రికకు సంపాదకులుగ నుండిరి.

ధనమును, గౌరవమును గూర్చు వృత్తి చేతనుండగనే, 1904లో వారు తిరువల్లిక్కేణి ప్రతినిధిగ చెన్నపురి కార్పొరేషనున ప్రవేశించి, 1916 వరకు పండ్రెండేండ్లు సభ్యులుగ నుండిరి. వైద్యుడు తన కడకు వచ్చిన రోగిని మాత్రమే చూడగలడు. త్రాగునీరు చెడి, మురుగు నిలిచి, ఇరుకిండ్లలో జనము క్రిక్కిరిసి యున్నచో, ఒకరికి నయమగునంతలో పదుగురు మంచము పట్టుదురు. అట్టి వ్యాధులకు మందు వైద్యుని పెట్టెలో లేదు. పురపాలక సభ తీర్మానములలో నున్నది.

ఫ్యాక్టరీ కార్మికుల స్థితిని విచారించుటకు ప్రభుత్వమువారు నియమించిన సంఘమునందు నాయరు గారొక సభ్యులు. వయోజనులగు పురుషుల పనిగంటలను చట్టముచే నేరుగ పరిమితము చేయరాదని తక్కిన సభ్యులు తలంచిరి. నాయరు గారు వారితో నేకీభవింపక, 1908 నాటి నివేదికకు తమ భిన్నాభిప్రాయమును జతపరచిరి. అలసిన దేహమెట్టిదో వైద్యునకు వేరుగ చెప్పవలెనా? 1911 నాటి చట్టము నేతమిల్లులలో పురుషులపని దినమునకు 12 గంటలకు మించరాదని విధించెను.

పురపాలనమున పూలదండలే కాదు, ముండ్లును గలవు. తెలుగువారైన సర్ పిట్టి త్యాగరాయసెట్టి గారును, నాయరు గారును కార్పొరేషనున ప్రత్యర్థులు. తిరువల్లిక్కేణి పార్థసారథిస్వామి కోనేటి విషయమున నీ వైరము ముదిరెను. తుదకు నాయరు గారు సభ్యత్వమును వదలుకొనిరి. ఆ 1916లోనే, వైద్యులేయైన డాక్టరు సి. నటేశ మొదలియారు గారి ప్రయత్నమువలన నీ యిరువురు చేతులు కలిపిరి. ఆ నవంబరు 20వ తేదీన బ్రాహ్మణేతర నాయకులు కూడిన సభనుండి దక్షిణ భారత ఉదార సంఘ ముద్భవించెను. మరుసటి యేట వెలువడిన జస్టిస్ పత్రికకు నాయరు గారు సంపాదకులైరి; ఆ పత్రిక పేరే పక్షమునకు వాడుకపేరాయెను.

రాజ్యాంగ సంస్కరణల సందర్భమున తమ పక్షమును వినిపింప వారు లండను కేగిరి. విచారణ సంఘము నెదుట సాక్ష్య మీయకమునుపే, 1919 సం॥ జూలై 17వ తేదీన, 51 ఏండ్ల వయస్సున నచటనే పరమపదించిరి. 1920 ఎన్నికలలో తమ పక్షము గెలుచుటను వారు చూడనోచుకొనలేదు.

వారి రాజకీయములను మెచ్చని వారు నాడును గలరు, నేడును గలరు. అయినను సోదరులారా, రెండు సంగతులు మనము గ్రహింపదగినవి. సంఘముయొక్క బాధను దగ్గరనుండి యెరిగినవారే పురపాలక సభలలో కూర్చుండవలెను. అచట కలిగిన కలహమును సమష్టికార్యము ముందు మరువగలుగవలెను. మొదటిది చదువువలన అబ్బును; రెండవది మనస్సువలననే అబ్బును. మన సంఘమున కీ రెండును కావలెను.