పూసా అశ్వక్షేత్రము – విలియం మూర్‌క్రాఫ్టు చరిత్రము

పశుసంపద యెట్టిదో పలనాటిసీమ రైతులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. మాచవరము మొదలుకొని గురజాల, మాచర్ల వఱకు గల మెట్టపొలములలో సేద్యము చేసినవారికి కాడియెద్దు విలువయు, పాడియావు విలువయు, మంచి ఆంబోతు విలువయు తాతతండ్రులనాటినుండి తెలిసినవే. అయినను ఒక జంతుజాతిని బుద్ధిపూర్వకముగ వృద్ధిచేయుట యెంత కష్టమో, చేసిన వృద్ధి చేజాఱుట యెంత సులభమో మనము తఱచుగ నాలోచింపము. ఈ సంగతిని స్పష్టముగ బోధించు జీవితములలో విలియం మూర్‌క్రాఫ్టు జీవితమొకటి. ఆయన పుట్టుకచే ఆంగ్లేయుడు. మన భాష నెఱుగనివాడు. కాని ఆయన పాటుపడినది భరతఖండమునందే. సేద్యమును, పశుపోషణమును నమ్ముకొన్న మన సంఘీయులు గుణగ్రహణమున దేశభేదము పాటింపరని తలచి, ఆయన చరిత్రమును ఈ సంచికయందు సంగ్రహముగ వ్రాయుచున్నాము.

మూర్‌క్రాఫ్టు 1767లో ఇంగ్లండులోని లంకషైరు మండలమున ఆర్మ్‌స్కర్కు అను చిన్నపట్టణమున జన్మించెను. తల్లి ఒక రైతు కుమార్తె. తండ్రిపేరు చెప్పుకొను భాగ్యము బాలున కబ్బలేదు. అందుచే తాతగారి వ్యవసాయపు ఇంటనే పెరిగెను. యుక్తవయస్సు రాగానే లివర్‌పూలు పట్టణమున శస్త్రవైద్యమును నేర్చుటకు ప్రవేశించెను. ఆ చదువు పూర్తిగాకమునుపే ఆ ప్రాంతపు పశువులకు ఘోరమైన అంటువ్యాధి సోకెను. యువకుడగు మూర్‌క్రాఫ్టును రోగమును పరిశీలించుటకు పంపిరి. ఆయన బుద్ధికుశలతను జూచిన భూస్వాములు, మనుష్యవైద్యమును విడిచి పశువైద్యము నభ్యసించినచో చదువునకగు వ్యయమును తామే భరింతుమని ముందుకు వచ్చిరి.

ఆ కాలమున గుఱ్ఱమునకు జబ్బుచేసినచో లాడములు కొట్టువాడే వైద్యుడు. మూర్‌క్రాఫ్టు గురువర్యులు పశువులకు మందుచేయుట తగ్గుపనియని వారించిరి. ఆయన వినక, ఫ్రాన్సుదేశములోని లియోను నగరపు పశువైద్యకళాశాలకు వెడలెను. అది 1790వ సంవత్సరము. ఫ్రెంచివిప్లవము చెలరేగుచున్న కాలము. ఆ కల్లోలమునడుమ చదువు ముగించి స్వదేశమునకు మరలెను. కళాశాలలో చదివి పశువైద్యమున అర్హతపొందిన ఆంగ్లేయులలో ఆయనయే మొదటివాడని చరిత్రకారులు చెప్పుదురు. లండనునగరమున ఆక్స్‌ఫర్డువీథిలో వైద్యశాలను తెఱచి ధనమును కీర్తిని విశేషముగ సంపాదించెను. తరువాత యంత్రసహాయమున లాడములను తయారుచేయుటకు పూనుకొని, ఆ వ్యాపారమున గడించినదానిలో చాలభాగమును పోగొట్టుకొనెను. క్రొత్తదానిపై మోజు, దానికొఱకు ఉన్నదానిని పణముపెట్టు సాహసము ఆయన స్వభావములోనివి. ఈ స్వభావమే ముందుకథకు మూలము.

ఆ కాలముననే ఇంగ్లండులో జాతిగుఱ్ఱముల పెంపకము శాస్త్రముగ రూపొందుచుండెను. బయర్లీ టర్కు, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్ అను మూడు తూర్పుదేశపు మగగుఱ్ఱములను ఇంగ్లండునకు తెచ్చి, అచ్చటి ఆడుగుఱ్ఱములతో కలిపి, పిల్లలలో మేలైనవానినే తరతరములుగ నేఱి యొక క్రొత్తజాతిని ఏర్పఱచిరి. 1791లో ఆ గుఱ్ఱముల వంశావళి గ్రంథము మొదట వెలువడెను. నేటికిని ప్రపంచమునందలి మేలుజాతి పందెపుగుఱ్ఱములన్నిటి పితృవంశములును ఈ మూటికే చేరుచున్నవి. తూర్పునుండి వచ్చిన మగగుఱ్ఱము జాతిని మార్చగలదను విశ్వాసము మూర్‌క్రాఫ్టు మనస్సున నాటుకొనుటకు ఇంతకంటె నిదర్శనము కావలయునా?

ఇచ్చట భరతఖండమున ఈస్టిండియాకంపెనీవారికి గుఱ్ఱముల కొఱత పెద్ద చిక్కుగ నుండెను. దక్షిణాపథమున మంచి గుఱ్ఱములు చాలినన్ని పుట్టవు. కాకతీయులు, రెడ్డిరాజులు, విజయనగరప్రభువులు సముద్రముమీదనుండి గుఱ్ఱములను తెప్పించుకొన్నవారే. కంపెనీవారు గుఱ్ఱపుదళములను పెంచినకొలది ఈ పరాధీనత భరింపరానిదయ్యెను. అందుచే 18వ శతాబ్దము కడపట బీహారులో తిరుహుతుసీమయందు పూసా అనుచోట విశాలమైన క్షేత్రమును సంపాదించి అశ్వవర్ధనము నారంభించిరి. బుఢీగండకినది ఆ గ్రామమును చుట్టి ప్రవహించును, నేల ఒండ్రుమట్టి. ఆడుగుఱ్ఱములలో కొన్నిటిని క్షేత్రముననే ఉంచి, కొన్నిటిని చుట్టుపట్ల జమీందారులకును రైతులకును అప్పగించి, పుట్టిన పిల్లలను కొనుచుండిరి. దక్షిణమునను ఇట్టి ప్రయత్నములు జరిగినవి. మైసూరులోని కుణిగల్లు, తెలుగువారు విశేషముగ నివసించు హోసూరు ఇందుకు ప్రసిద్ధములు. కాని వానిలో పూసాకే మొదట ఎక్కువ ధనమును, ఎక్కువ ఆశయు వెచ్చించిరి.

ఆశించిన ఫలము మాత్రము రాలేదు. పుట్టిన పిల్లలు పొట్టివి, ఎముకబలము లేనివి, రోగములకు లొంగునవి. ఈ లోపమును సరిదిద్దుటకు తగినవాడు మూర్‌క్రాఫ్టే యని కంపెనీ డైరెక్టర్లు నిశ్చయించి, ఏటికి 30,000 రూపాయల జీతముపై ఆయనను 1808లో ఈ దేశమునకు పంపిరి. అప్పటికాయన వయస్సు నలువది దాటినది.

పూసాకు వచ్చి మూర్‌క్రాఫ్టు చేసిన పనిని శ్రద్ధతో గమనింపవలెను. ఆయన మొదట క్రొత్తగుఱ్ఱములను కొనలేదు, ఉన్నవానిని పరీక్షించెను. రోగగ్రస్తములను, పెంపకమునకు పనికిరానివానిని ఏఱివేసెను. ఎంత వెలబెట్టి కొన్నదైనను లోపముగల జంతువును మందలో ఉంచినచో ఆ లోపము మందకంతకు పాఱునని ఆయన సిద్ధాంతము. తరువాత మేతను సంస్కరించెను. ఓట్సు అను ధాన్యమును క్షేత్రమున విస్తారముగ పండించి గుఱ్ఱములకు పెట్టించెను. ఆడుగుఱ్ఱమునకు చూలుకాలమునను, పిల్లకు మొదటి రెండేండ్లలోను మేత చాలనిచో ఎంత గొప్ప మగగుఱ్ఱము బీజమైనను వృథాయేయని ఎఱిగినవాడగుటచే పంటపొలమును అశ్వశాలతో సమానముగ చూచెను. శాలల శుభ్రతయందును, రోగుల సంరక్షణయందును అట్టి శ్రద్ధయే చూపెను. కొలదియేండ్లలో మరణములు తగ్గెను. పిల్లల పుష్టి పెరిగెను. పూసాకు ఉచ్చదశ యనదగిన కాలమిదియే. ఈ అభ్యుదయమునకు కారణము వైద్యుని కన్ను, రైతు చేయి, ప్రతిదినపు పరామర్శ. తాతగారి పొలమున పెరిగిన బాల్యము ఆయనకు వృథ కాలేదు.

అయినను ఆయనకు తృప్తి కలుగలేదు. ఎత్తును ఎముకబలమును గల మగగుఱ్ఱములు రానిదే జాతి మాఱదని ఆయన నమ్మిక. 1811లో ఉత్తరహిందూస్థానపు సంతలన్నియు వెదకి నిరాశచెందెను. బొఖారాపరిసరములందును, తురుష్కమానుల మైదానములందును తాను కోరు గుఱ్ఱములున్నవని విని, మీర్ ఇజ్జతుల్లా అను విశ్వాసపాత్రుని 1812లో ఆ మార్గమును పరిశీలించుటకు పంపెను. అదే యేట తాను హయిదర్ జంగ్ హియర్సే అను మిత్రునితో గోసాయివేషము దాల్చి, నీతికనుమగుండ హిమాలయములను దాటి టిబెట్టులో ప్రవేశించెను. గార్తోకును, మానససరోవరమును దర్శించెను. మరలునపుడు గూర్ఖాలచేతిలో కొంతకాలము చెఱపడి విడుదలపొందెను. శాలువలకు వాడు ఉన్నిమేకలు లభించెనుగాని, గుఱ్ఱములు లభింపలేదు. పైయధికారులు క్షేత్రమును విడిచి తిరుగుటకు ఆయనను మందలించిరి.

ఏడేండ్లు గడచెను. ఆ కోరిక మనస్సును వదలలేదు. తుదకు అనుమతి సంపాదించి 1819లో బొఖారాకు పయనమయ్యెను. వెంట జార్జి ట్రెబెక్కు అను యువకుడు, గథ్రీ అను వైద్యుడు, ఇజ్జతుల్లా, అనేక పరిజనులు, అమ్మకపు సరకులు. 1820లో లాహోరున రణజిత్సింగు మహారాజును దర్శించి లడాఖుచేరెను. అచ్చట రెండేండ్లు నిలిచెను. ఆ చలిదేశపు రైతులు పశువులకు చలికాలపు మేతగా దాచుకొను ప్రాంగోసు అను మొక్కను శ్రద్ధగా వర్ణించి, విత్తనములను సేకరించెను. లడాఖుప్రభుత్వముతో తానే వ్యాపారపుటొడంబడిక చేసికొనెను. రాజకీయములలో తలదూర్చెనని కోపించి కంపెనీవారు దానిని త్రోసిపుచ్చిరి, జీతమును నిలిపివేసిరి. టిబెట్టుభాషా నిఘంటుకర్తయగు చోమా దె కొరొషుకు ఆ విద్యయందు మొదట ప్రోత్సాహమిచ్చినదియు ఈ మజిలీలలోనే. పిమ్మట కాశ్మీరమున కొన్నిమాసములు గడపి, 1824లో కాబూలుచేరెను. కుందూజు పాలకుడగు మురాదుబేగు ఆయనను నిర్బంధించి ధనము గుంజెను. ఇన్ని విఘ్నములను దాటి 1825 ఫిబ్రవరి 25వ తేదీన బొఖారానగరమును ప్రవేశించెను. పూసాను విడిచి ఆఱేండ్లు నిండుచుండెను.

ఇన్నియేండ్ల ఆశకు ఫలమేమి? గుఱ్ఱముల సంతలు ఆయన ఊహించినట్లు లేవు. యుద్ధములవలన మేలైన గుఱ్ఱములు అరుదైయుండెను. కొన్నిటిని మాత్రము సంపాదించి తిరుగుప్రయాణము కట్టెను. త్రోవలో, మఱికొన్ని గుఱ్ఱములను కొనవలెనని అందఖోయి అనుచోటికి వెళ్ళి, జ్వరపీడితుడై 1825 ఆగష్టు 27వ తేదీన మరణించెను. దేహమును బల్ఖునగరమునకు తెచ్చి పూడ్చిరి. గథ్రీయు, ట్రెబెక్కును కొలదికాలములోనే ఆయనను అనుసరించిరి. ఆయన దినచర్యలు మాత్రము భద్రముగ హిందూదేశము చేరెను. వానిని హోరేస్ హేమన్ విల్సను పండితుడు పరిష్కరించి 1841లో రెండు సంపుటములుగ ప్రకటించెను. హిమాలయముల ఆవలిదేశములను గుఱించి నాడు ఆంగ్లేయులకు తెలిసినదానిలో చాలభాగము ఈ గ్రంథమువలననే తెలిసెను. మూర్‌క్రాఫ్టు కీర్తి నేడు నిలిచినది యాత్రికుడుగనే. గుఱ్ఱములవైద్యుడుగ ఆయనను తలచువారు కొలదిమంది.

పూసాక్షేత్రమేమైనది? ఆయన పోయిన పిదపను అది సుమారు అర్ధశతాబ్దము నడచెను. క్రొత్త శాఖలు వెలసెను, ఇంగ్లండునుండి జాతిగుఱ్ఱములు వచ్చెను, వ్యయము పెరిగెను. కాని పెంచిన ఒక్కొక గుఱ్ఱమునకు పడు ఖర్చును లెక్కించినప్పుడెల్ల అధికారులకు గుండె గుభేలుమనెను. ఇంతలో ఆస్ట్రేలియాలోని న్యూసౌత్‌వేల్సునుండి వేలరులనబడు గుఱ్ఱములు ఓడలపై కలకత్తాకును చెన్నపట్టణమునకును దిగసాగెను. అవి గట్టివి, సైన్యమునకు సరిపోవునవి. పెంచుటకంటె కొనుటయే లాభమను వాదము క్రమముగ గెలిచెను. 1874లో పూసాలో గుఱ్ఱముల పెంపకమునకు స్వస్తిచెప్పిరి. గుఱ్ఱములు మేసిన నేల ఒక యూరోపియను సంస్థకు కౌలుకు పోయి 1897 వఱకు పొగాకుతోటయయ్యెను. కర్జనుప్రభువు కాలమున 1905లో అచ్చట వ్యవసాయపరిశోధనాలయము వెలసెను. 1934 భూకంపమున ఆ భవనము శిథిలము కాగా, 1936లో సంస్థ ఢిల్లీకి తరలెను. ఢిల్లీలో దానికి పూసాపేరే నిలిచినది. నేడు గోధుమ, వరి విత్తనములపై పూసా అను పేరు చదువు రైతులలో, అది ఒకప్పుడు గుఱ్ఱములు పెరిగిన గ్రామపు పేరని ఎంతమంది యెఱుగుదురు!

ఈ చరిత్రమునుండి మేము గ్రహించినది చెప్పి ముగింతుము. మూర్‌క్రాఫ్టు జీవితమున రెండు ప్రయత్నములున్నవి. ఏఱివేత, మేత, శుభ్రత అను ఇంటిపనులు మొదటిది, అది ఫలించెను. దూరదేశపు మగగుఱ్ఱమునకై చేసిన అన్వేషణము రెండవది. అది ప్రాణమునే బలిగొనెను. ఆయన చేతిలోనున్న ఓట్సుపొలము గెలిచినది. ఆయన కలలోని గుఱ్ఱము గెలువలేదు. ఆ అన్వేషణము వెఱ్ఱియని మేమనము. మంచి బీజము అవసరమే. ఇంగ్లండుజాతి పుట్టుకయే అందుకు సాక్ష్యము. కాని తెచ్చిన బీజమును నిలుపునది వచ్చినచోటి మేతయు, తల్లియు, వంశమును వ్రాసియుంచు పుస్తకమును, తరము మాఱినను మాఱని పట్టుదలయు. పూసాకు ఒక సమర్థుడు దొరకెను; ఆయన పద్ధతిని తరతరములు నిలుపు పట్టుదల దొరకలేదు. ఆయన స్వయముగ దానిని విడిచి ఆఱేండ్లు తిరిగెను. లెక్కలు చూచువారు వేగిరపడిరి. నష్టము అందఱికిని కలిగెను.

మన ఒంగోలుజాతి కథను దీనిప్రక్క నుంచి చూడుడు. 19వ శతాబ్దమున బ్రెజిలుదేశమునకు ఓడలపై వెళ్ళుట ప్రారంభించిన మన పశువులు అచ్చట నెలోరు అను పేరుతో ఆ దేశపు పశుసంపదకు వెన్నెముకయైనవి. అచ్చటివారు 1938నుండి వంశావళి పుస్తకము నుంచి వానిని కాపాడుకొనిరి. ఇచ్చట పెద్దల పేర అచ్చువేసి ఊరికి ఆంబోతును వదలు ఆచారము క్షీణించినది. ట్రాక్టరు వచ్చినపిదప కాడియెద్దుల మక్కువ తగ్గినది. గుంటూరుచేరువ లాం క్షేత్రమున ఈ జాతిని రక్షించుటకు పరిశోధకులు కృషిచేయుచున్నారు. కాని ప్రభుత్వక్షేత్ర మొకటి చాలునని మనము చేతులు ముడుచుకొన్నచో పూసాకు పట్టిన గతియే పట్టవచ్చును. గ్రామమునకొక మేలైన ఆంబోతు, ఆవుల వంశమును వ్రాసియుంచు చిన్న పుస్తకము, వేసవికి దాచిన పచ్చిమేత, ఈ మూడును మన శక్తికి మించినవి కావు. మాచవరపు మెట్టసీమలో పదిమంది రైతులు కలిసి పూనుకొన్నను ఈ పని ఆరంభింపవచ్చును. సంఘములు సభలు జరుపుకొనుటకు ఇంతకంటె మంచి ప్రయోజనము వేఱొండు గలదా? అంత దూరమునుండి వచ్చి మన దేశపు పశువులకై ప్రాణములర్పించిన ఆ రైతుబిడ్డను స్మరించుటకు ఇంతకంటె తగిన మార్గము మాకు తోచలేదు.