మైదానములో అవమానమును ఎదుర్కొన్న వాల్టర్ టల్

రాజపాళయములోను చుట్టుప్రక్కల ఊళ్ళలోను స్థిరపడిన మన తెలుగు కుటుంబముల పిల్లలు క్రికెట్టుతో పాటు ఫుట్‌బాల్ కూడా ఉత్సాహముగా ఆడుచున్నారు. కులము పేరు, ఒంటి రంగు, మాట యాస ఎత్తి ఎదుటి జట్టువారు అనే మాటలు కూడా వారి చెవిని పడుచున్నవి. ఇంటికి వచ్చి చెప్పితే, ఆటలో అన్న మాటలే గదా, పోనిమ్మని మనమే నోరు మూయించుచున్నాము. అందుచేత నూరేండ్లకు పూర్వము మరణించిన ఒక ఫుట్‌బాల్ ఆటగాని జీవితమును ఈ సంచికలో వ్రాయుచున్నాము.

వాల్టర్ టల్ 1888 ఏప్రిల్ 28న ఇంగ్లాండులోని ఫోక్‌స్టన్ పట్టణములో జన్మించారు. తండ్రి డానియల్ బార్బడోస్ దీవి నుండి వలస వచ్చిన వడ్రంగి. డానియల్ తండ్రి ఆ దీవిలో బానిసగా బ్రతికినవాడు. తల్లి ఆలిస్ స్థానికురాలైన తెల్లజాతి స్త్రీ. ఆమె 1895లో మరణించగా, తండ్రి 1897లో మరణించాడు. సవతి తల్లి అందరినీ పోషింపలేకపోయినందున 1898లో వాల్టరును, అన్న ఎడ్వర్డును లండనులోని బెత్నల్ గ్రీన్‌లో మెథడిస్టులు నడిపిన అనాథ బాలుర గృహములో చేర్చారు. రెండేండ్లకు ఎడ్వర్డును గ్లాస్గో పట్టణపు కుటుంబమొకటి దత్తత తీసికొన్నది. ఆయన తరువాత దంతవైద్యుడయ్యారు. తమ్ముడు మాత్రము గృహములోనే మిగిలిపోయి, అచ్చు పని నేర్చుకొని, అక్కడి జట్టులోనే ఫుట్‌బాల్ ఆడసాగెను. బోర్డింగు స్కూళ్ళలో చదివి పైకి వచ్చిన మన పెద్దలకు ఇట్టి బాల్యము వేరుగా వివరింపనక్కరలేదు.

1908లో క్లాప్టన్ అనే ఔత్సాహికుల జట్టులో చేరగా, ఆ సీజనులోనే ఆ జట్టు అమెచ్యూర్ కప్పు గెలిచింది. 1909లో టోటెన్‌హామ్ హాట్‌స్పర్ వారు ఆయనను జీతముపై తీసికొన్నారు. ఇంగ్లాండు మొదటి డివిజనులో నల్లజాతివారు అప్పటికి బహు అరుదు.

అదే సంవత్సరము అక్టోబరులో బ్రిస్టల్ పట్టణములో మ్యాచి జరిగింది. ప్రేక్షకులలో ఒక గుంపు ఆయన రంగును ఎత్తి నీచమైన బూతులు కేకలు వేసింది. ఆయన మారు పలుకక, ఎవరి మీదికి పోక, తన ఆట తాను ఆడారు. ఇట్టివి నాడు సామాన్యముగా అక్కడికక్కడే సమసిపోయేవి. అయితే ఫుట్‌బాల్ స్టార్ అనే పత్రిక విలేఖరి అక్కడ ఉండి, జరిగిన దానిని దాచక వ్రాసెను. దూషించిన గుంపును తప్పుపట్టి, ఆ దినమున ఇరు జట్లలోను ఉత్తమముగా ఆడిన ఫార్వర్డు టల్ అనియు, ఆయన నడవడి తెల్లవారికే ఆదర్శమనియు తెలియజేసెను. ఆ రాతపని లేకుండిన యెడల ఆ మధ్యాహ్నము జరిగినది నేడు మనకు తెలియదు.

అయితే ఫలితమేమి? కేకలు వేసినవారికి ఏ శిక్షయు లేదు. కొద్ది వారములకే టల్‌ను పై జట్టు నుండి తీసి రిజర్వు జట్టుకు పంపారు. టోటెన్‌హామ్ తరఫున లీగులో ఆయన ఆడినవి పది మ్యాచులే. ఇది ఆటలోని లోపము వలన జరిగినదని నమ్ముట మాకు కష్టము. గొడవకు కారణమైనవారిని వదలి, అవమానపడినవానిని ప్రక్కకు తప్పించుట పాఠశాలలలోను, కార్యాలయములలోను, ఒక్కొక్కసారి సంఘములలోను మనము ఎరిగిన పద్ధతియే గదా.

1911లో నార్తాంప్టన్ టౌన్ వారు ఆయనను తీసికొన్నారు. మేనేజరు హెర్బర్ట్ చాప్‌మన్ మనిషిని ఆటను బట్టి చూచెను. టల్ అక్కడ నూటికి పైగా మ్యాచులు ఆడారు. 1914లో యుద్ధము రాగా ఫుట్‌బాల్ ఆటగాళ్ళ పటాలములో చేరారు. యూరోపు సంతతి కానివారికి అధికారి పదవి ఇయ్యరాదని సైనిక నిబంధన ఉండగనే, 1917 మే 30న ఆయన సెకండ్ లెఫ్టినెంటు అయ్యారు. ఇటలీలో పియావే నది దాటి 26 మంది సిపాయీలను నడిపించి, అందరినీ క్షేమముగా వెనుకకు తెచ్చి పై అధికారి ప్రశంస పొందారు. 1918 మార్చి 25న ఫ్రాన్సులో తుపాకి గుండు తగిలి మరణించారు. సిపాయీలు దేహమును తేవలెనని ప్రయత్నించి విఫలులయ్యారు. ఆయనకు సమాధి లేదు, ఆరాస్ స్మారకముపై పేరు మాత్రము ఉన్నది.

ఇంగ్లాండు మైదానములలో జాతి దూషణ కేకలను నేరము చేసిన చట్టము 1991లో, అనగా బ్రిస్టల్ ఘటనకు 82 ఏండ్లకు వచ్చింది. నేడు అంతర్జాతీయ నిబంధనలలో మూడు మెట్లు ఉన్నవి: రిఫరీ ఆట ఆపవచ్చును, అప్పటికిని మానకపోతే జట్లను కొంతసేపు లోపలికి పంపవచ్చును, చివరకు మ్యాచి రద్దు చేయవచ్చును. ఆటగాడు మణికట్ల యొద్ద చేతులు అడ్డముగా కట్టి రిఫరీకి సైగ చేసే పద్ధతిని 2024లో ఫీఫా ప్రవేశపెట్టినది.

మన దేశములో కులదూషణకు 1989 నాటి అత్యాచార నిరోధక చట్టము ఉన్నది. గాని 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు ప్రకారము క్రైస్తవులు షెడ్యూల్డ్ కులముల లెక్కలోనికి రారు గనుక, మన పిల్లలలో అనేకులకు ఆ ద్వారము మూసియే ఉన్నది. కాబట్టి మైదానములో చేసే ఫిర్యాదే వారికి మరి ముఖ్యము. మాట పడిన వెంటనే కెప్టెను ద్వారా రిఫరీకి చెప్పవలెను. అన్న మాట, అన్నవారు, సమయము, విన్న సాక్షులు, ఇవన్నియు ఆ సాయంకాలమే కాగితము మీద పెట్టి, తేదీ వేసి, పాఠశాల పి.ఇ.టి. మాస్టరుకు గాని టోర్నమెంటు నిర్వాహకులకు గాని ఇచ్చి, ఒక నకలు ఇంట ఉంచుకొనవలెను. పిల్లవాడు వ్రాయలేకపోతే వ్రాసిపెట్టుటకు సంఘములో ఉపాధ్యాయులము ఉన్నాము.